మూడో రోజు

ఎముకల ఆసుపత్రుల్లో రాత్రి డ్యూటీ చేసే నర్సులకు ఒక రకం రోగి బాగా తెలుసు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే వెల్డరు కావచ్చు, కంకిపాడు రోడ్డు మీద బైకు జారిన కౌలురైతు కావచ్చు. కాలు విరిగి సూర్యారావుపేటలో ఏదో ఒక ఆసుపత్రిలో చేరతాడు. ఆపరేషను బాగానే జరుగుతుంది. మర్నాటికి చేతులు వణుకుతాయి, ఒళ్ళంతా చెమట, అన్నం సయించదు. నొప్పికి అలా ఉందని సరిపెట్టుకుంటారు. మూడో రోజు రాత్రి లేచి కూర్చుని, దుప్పటి మీద లేని పురుగుల్ని ఏరడం మొదలుపెడతాడు. తాను షెడ్డులో ఉన్నాననుకుంటాడు. గాల్లోనే రాడ్డు పట్టుకుని అతుకులు వేస్తాడు, హెల్పరు కుర్రాణ్ణి పేరు పెట్టి కేకలేస్తాడు. సెలైన్ సూది పీకేసి, కట్టుకట్టిన కాలితోనే మంచం దిగబోతాడు. మత్తు ఎక్కువిచ్చారని బంధువులు డాక్టరుతో గొడవకు దిగుతారు. గాలి సోకిందేమోనని ఇంట్లో పెద్దావిడ తాయెత్తు కోసం మనిషిని పంపుతుంది.

చేరిన రోజున షుగరుందా, బీపీ ఉందా అని అడిగారు. రోజూ తాగుతాడా, ఎంత తాగుతాడు, ఆఖరిసారి ఎప్పుడు తాగాడు అని కూడా అడిగి ఉంటే ఆయన భార్య చెప్పి ఉండేది: "పొద్దున్నే ఒక నైంటీ పడితేగానీ చెయ్యి నిలబడదండీ." ఆ ఒక్క మాట కేసు షీటులోకి ఎక్కి ఉంటే మూడో రోజు రాత్రి అలా గడిచేది కాదు.

ఈ స్థితిని వైద్యులు డెలీరియం ట్రెమెన్స్ అంటారు. 1813లో థామస్ సటన్ అనే ఇంగ్లీషు వైద్యుడు పెట్టిన పేరది. అప్పటి పద్ధతి ప్రకారం పిచ్చెక్కిన ఏ రోగికైనా నెత్తురు తీసేవాళ్ళు. ఈ రోగులకు నెత్తురు తీస్తే చనిపోతున్నారనీ, నల్లమందు ఇచ్చి నిద్రపుచ్చితే బతుకుతున్నారనీ సటన్ గమనించాడు. వైద్యం దాదాపు సరైనదే. కారణం మాత్రం ఆ తరువాత కూడా వంద సంవత్సరాలకు పైగా ఎవరికీ తేలలేదు. తాగుడు ముదిరి మెదడు చెడిందని కొందరు, తిండి లేక ఇలా అవుతుందని కొందరు, ఏదో ఇన్ఫెక్షనని కొందరు అన్నారు.

1955లో అమెరికాలో లెక్సింగ్టన్ నగరంలో హారిస్ ఇస్బెల్ బృందం దీన్ని తేల్చింది. శిక్ష అనుభవిస్తున్న పదిమంది మాజీ మార్ఫిన్ బానిసలకు పుష్టికరమైన తిండి, విటమిన్లు ఇస్తూ రోజూ మద్యం తాగించారు. వారిలో ఆరుగురు 48 నుంచి 87 రోజుల పాటు తాగారు. ఒకరోజు ఉన్నట్టుండి ఆపేశారు. తిండికి లోటు లేని, ఏ జబ్బూ లేని ఆ మనుషులకు వణుకు వచ్చింది, కొందరికి ఫిట్స్ వచ్చాయి, కొందరికి మతి చెదిరింది. ఖైదీల మీద అటువంటి ప్రయోగాన్ని ఇవాళ ఏ నీతి సంఘమూ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు. కానీ వాళ్ళు పడ్డ బాధ వల్లే మనకు ఒక నిజం తెలిసింది: తాగడం హఠాత్తుగా ఆగినందుకు మెదడు చేసే పని ఇది.

ఎందుకు చేస్తుందో డెల్టా రైతుకు చెప్పడం తేలిక. ఊడ్చిన చేలో నీరు ఒక మట్టాన నిలబడాలి. ఎవరో రోజూ గట్టుకు గండి కొట్టి నీళ్ళు పోగొడుతున్నారనుకోండి. మట్టం పడిపోకుండా రైతు కాలువ తూము మరికాస్త తెరుస్తాడు. గండి పెద్దదైతే తూమూ ఇంకాస్త లేస్తుంది. కొన్నేళ్ళకు గండీ తూమూ రెండూ బారుగా తెరుచుకుని ఉన్నా చేను చూసేవారికి మామూలుగానే కనిపిస్తుంది. ఇప్పుడు ఒకే పూటలో గండి పూడ్చేస్తే ఏమవుతుంది? తూము దించేలోగా చేను మునుగుతుంది.

మెదడులో నాడీకణాల హడావుడిని తగ్గించే రసాయనం గాబా, పెంచేది గ్లూటమేట్. మద్యం గాబా పనికి బలం ఇస్తుంది, గ్లూటమేట్ పనిని అణుస్తుంది. నెలల తరబడి రోజూ ఇలా జరిగితే మెదడు తన సమతూకం కోసం గాబా గ్రాహకాల స్పందన తగ్గిస్తుంది, గ్లూటమేట్ గ్రాహకాలను పెంచుతుంది. మనిషి ఒక క్వార్టరు తాగినా తూలకుండా నడవగలగడం ఈ సర్దుబాటు వల్లే. "వాడికి ఎంత తాగినా ఎక్కదు" అని మెచ్చుకుంటారు చూడండి, ఆ మెప్పు పొందుతున్న మనిషి మెదడులో తూము సగం పైన తెరుచుకుని ఉందని అర్థం.

మద్యం ఆగిన ఆరేడు గంటలకు వణుకు, చెమట, గుండెదడ, వికారం మొదలవుతాయి. ఫిట్స్ వచ్చేట్టయితే ఎక్కువగా మొదటి రెండు రోజుల్లోనే వస్తాయి. డెలీరియం రెండో రోజు దాటాక, నాలుగో రోజులోపు దిగుతుంది. వణుకు చాలామందికి వస్తుంది కానీ డెలీరియం మానినవారందరికీ రాదు, నూటికి అయిదుగురు మించరు. అయితే మంచి వైద్యం లేని రోజుల్లో అది వచ్చినవారిలో మూడోవంతు దాకా చనిపోయేవారు. సకాలంలో వైద్యం అందితే ఇప్పుడు ఆ చావులు నూటికి అయిదుకన్నా తక్కువ.

ఇంకో సంగతి కూడా ఇంటివాళ్ళకు తెలియాలి. మానడం, మళ్ళీ తాగడం, మళ్ళీ ఒక్కసారిగా మానడం, ఇలా జరిగిన కొద్దీ ప్రతిసారీ లక్షణాలు ముందుసారి కంటే తీవ్రమవుతుంటాయి. "పోయినేడు మానినప్పుడు ఏమీ కాలేదుగా" అన్నది ధైర్యానికి ఆధారం కాదు.

కార్తీకం వచ్చిందంటే మన ఊళ్ళలో మాలలు వేసుకుంటారు. అయ్యప్ప మాల, ఇంద్రకీలాద్రి దుర్గమ్మకు భవానీ మాల. నలభై ఒక్క రోజుల దీక్షలో చుక్క ముట్టరు. ఎన్నో కుటుంబాలకు ఏడాదిలో ప్రశాంతంగా గడిచే రోజులవే. దీక్షను తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. మనిషి మనసు మార్చుకోవడానికి సంఘం ఇచ్చిన గొప్ప అవకాశాల్లో అది ఒకటని నా నమ్మకం. వారానికోసారి తాగేవాడు మాల వేసుకుంటే ఏ ఇబ్బందీ ఉండదు. పొద్దున లేవగానే చెయ్యి వణికేవాడు మాత్రం మాలకు వారం ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. మాల వేసుకున్న రెండో రోజు తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం చేస్తుండగా ఫిట్స్ వస్తే స్వామి ఆగ్రహమని భయపడతారు. ఆ ఫిట్స్ ఎందుకొచ్చాయో పైన చెప్పుకున్నాం. ఈ సంగతి గురుస్వాములు చెబితే డాక్టరు మాటకన్నా ఎక్కువ చెల్లుతుంది. "పొద్దున లేవగానే చెయ్యి వణుకుతుందా" అని వాళ్ళు పీఠం దగ్గర ఒక్క ప్రశ్న అడిగితే చాలు.

కోట్లాదిమందికి ఒకేసారి గండి పూడ్చిన సందర్భం కూడా మన కళ్ళ ముందే జరిగింది. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో దుకాణాలు మూతపడ్డాయి. వారం తిరక్కుండానే హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి వణుకుతో, ఫిట్స్‌తో, మతి చెదిరినవాళ్ళు వరసకట్టారు. మే 4న మన ఆంధ్రప్రదేశ్‌లో దుకాణాలు తెరిచినప్పుడు ప్రభుత్వం ధర మొదట 25 శాతం, మర్నాడు మరో 50 శాతం పెంచింది. అయినా వరసలు తగ్గలేదు. ఆ జూలై నెలాఖరున ప్రకాశం జిల్లా కురిచేడులో దుకాణం మూతపడి ఉండగా శానిటైజరు తాగి పదిమందికి పైగా చనిపోయారు. "ప్రాణం పోతుందని తెలిసీ తాగారు" అని పత్రికలు చదివినవాళ్ళు అసహ్యించుకున్నారు. వాళ్ళలో ఎవరి మెదడు ఏ స్థితిలో ఉందో మనకు తెలిసే దారి లేదు. కానీ మద్యానికి బానిసైన శరీరానికి మద్యం అందకపోతే కలిగే భయం, మామూలు మనిషికి ఊపిరి అందకపోతే కలిగే భయానికి దగ్గరది. ఆ భయంలో ఉన్నవాడిని తిట్టి ప్రయోజనం లేదు.

ఇప్పుడు మాత్రల సంగతి. 1960లో స్విట్జర్లాండుకు చెందిన రోష్ కంపెనీ లిబ్రియం అనే మాత్ర తెచ్చింది. దాన్ని కనిపెట్టింది లియో స్టెర్న్‌బాక్. 1963లో వేలియం, అంటే డయజిపాం వచ్చింది. 1981లో ఆల్ప్రజోలం. వీటన్నిటినీ కలిపి బెంజోడయజిపిన్లు అంటారు. అంతకుముందు వాడిన బార్బిట్యురేట్లు కొంచెం ఎక్కువైతే ప్రాణం తీసేవి. ఇవి ఆ భయం లేని మాత్రలని ప్రపంచమంతా సంతోషించింది. కానీ లిబ్రియం వచ్చిన మరుసటి ఏడే, 1961లో, లియో హాలిస్టర్ అనే వైద్యుడు హెచ్చరించాడు. చాలా పెద్ద మోతాదులో నెలల తరబడి లిబ్రియం వాడిన పదకొండుమందికి హఠాత్తుగా ఆపితే పదిమందికి లక్షణాలు వచ్చాయి, ఇద్దరికి ఫిట్స్ వచ్చాయి. ఆ హెచ్చరిక జనం దాకా చేరడానికి దశాబ్దాలు పట్టింది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఈ మాత్రలన్నిటి పెట్టెల్లో అలవాటు గురించీ, ఆపినప్పటి ప్రమాదం గురించీ నల్లగీత గడిలో హెచ్చరిక పెట్టమన్నది 2020 సెప్టెంబరులో.

ఈ మాత్రలు పనిచేసేది కూడా గాబా గ్రాహకం మీదే. మద్యం లాగే ఇవీ గాబా పనికి బలం ఇస్తాయి. అందుకే మద్యం మానినప్పుడు వచ్చే తుఫానును అణచడానికి ఆసుపత్రిలో ఇచ్చే మొదటి మందు ఇదే: డయజిపామో లిబ్రియమో, లివరు చెడి ఉంటే లొరాజిపామో. లెక్కగా ఇచ్చి, వారం పదిరోజుల్లో దించుకుంటూ ఆపేస్తారు. అదే మాత్రను ఇంటికి పట్టుకొచ్చి, మెడికల్ షాపులో స్ట్రిప్పు తరువాత స్ట్రిప్పు కొంటూ పోతే మనిషి సీసా మాని స్ట్రిప్పు పట్టుకున్నట్టే. రెండూ కలిపి వేసుకునేవారి సంగతి మరీ ప్రమాదం. ఊపిరి తీసుకోమని మెదడు ఇచ్చే ఆజ్ఞే నిద్రలో మందగిస్తుంది.

రెండింటినీ ఒకే సీసాలో పోసి అమ్మిన చోటు మన పొరుగునే ఉంది. తెలంగాణలో చెట్టుకల్లు చాలనిచోట నీళ్ళలో చక్కెర, శాకరిన్, క్లోరల్ హైడ్రేటు, డయజిపాం, ఆల్ప్రజోలం పొడి కలిపి కల్లని అమ్మడం ఎన్నో ఏళ్ళుగా నడిచింది. తాగేవారికి తాము మాత్రలు మింగుతున్నామని తెలియదు. 2015 సెప్టెంబరులో ప్రభుత్వం కల్తీ కల్లు మీద దాడులు చేసి పొడి కలపడం ఆపించింది. నిజామాబాదు, మహబూబ్‌నగర్, మెదక్ జిల్లాల ఆసుపత్రులు కొద్దిరోజుల్లోనే నిండిపోయాయి. మెడ వంకర్లు పోతూ, ఫిట్స్‌తో, ఎవరినీ గుర్తుపట్టకుండా వందలాదిమంది వచ్చారు. ఆడవాళ్ళు, ముసలివాళ్ళు కూడా. కొందరు చనిపోయారు. కల్తీని ఆపడం న్యాయమైన పనే. కానీ కల్లు దుకాణానికి తాళం వేసే అధికారి వెనకే మాత్రలు, పడకలు, డాక్టర్లు వెళ్ళి ఉండాల్సింది. పదేళ్ళ తరువాత, 2025 జూలైలో, హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్లు తాగి జనం చనిపోయినప్పుడు కూడా పరీక్షలో బయటపడింది ఆల్ప్రజోలమే.

డెల్టాకు తిరిగొద్దాం. ఇక్కడి తాగుబోతు శరీరానికి ఇంకో బలహీనత ఉంది. దానికి మూలం అన్నంలో ఉంది. 1835లో మద్రాసు సైన్యపు వైద్యుడు జాన్ గ్రాంట్ మాల్కమ్‌సన్ బెరిబెరి మీద ఒక పెద్ద వ్యాసం ప్రచురించాడు. ఉత్తర సర్కార్లలో, అంటే గంజాం నుంచి మన కృష్ణా తీరం దాకా ఉన్న జిల్లాల్లో, కాళ్ళు తిమ్మిరెక్కి, వాచి, గుండె ఆగి చనిపోయేవారిని గురించి రాశాడు. ఆ జబ్బుకు కారణం బి1 విటమిను, అంటే థయమిన్, లేకపోవడమని అప్పటికి ఎవరికీ తెలియదు. 1920లలో కూనూరులో పోషకాహార పరిశోధన చేసిన రాబర్ట్ మెకారిసన్ కూడా బియ్యానికీ ఈ జిల్లాల బెరిబెరికీ ఉన్న సంబంధాన్ని వెదికాడు. తమిళులు ధాన్యాన్ని ఉడకబెట్టి దంచి, ఉప్పుడు బియ్యం తింటారు. ఉడికేటప్పుడు తవుడులోని బి1 కొంత గింజలోకి దిగుతుంది. మనం పచ్చి బియ్యం, అదీ బాగా పాలిష్ పట్టినవి ఇష్టపడతాం. కడిగి, గంజి వార్చి, మిగిలిన కాస్త బి1 కూడా కాలువలో పోస్తాం. పప్పు, గుడ్డు, చేపలు తినేవారికి ఇది పెద్ద లోటు కాదు. రోజూ తాగేవాడు ఏం తింటాడు? రాత్రి రెండు ముద్దల అన్నం, పచ్చడి, ఒక్కోసారి అదీ లేదు. పైగా మద్యం పేగుల్లో బి1 ఇంకకుండా అడ్డుకుంటుంది. ఒంట్లో నిలవ రెండు మూడు వారాలకు మించి రాదు.

అలాంటి మనిషి నీరసంగా పడి ఉంటే మన ఊళ్ళో మొదట జరిగేదేమిటి? ఆర్‌ఎంపీ గారిని పిలిచి సెలైన్ పెట్టించడం. గ్లూకోజు బాటిల్ ఎక్కితే ఓపిక వస్తుందని ఇంటివాళ్ళ నమ్మకం. గ్లూకోజును వాడుకోవడానికి కణాలకు బి1 కావాలి. మిగిలిన కాస్తంతా అక్కడ ఖర్చయిపోతే మెదడు లోపలి భాగాలు దెబ్బతింటాయి. చూపు నిలవక కనుగుడ్లు అటూ ఇటూ కొట్టుకుంటాయి, నడక తూలుతుంది, మాట తికమకపడుతుంది. జర్మనీలో కార్ల్ వెర్నికి 1881లో వర్ణించిన జబ్బు ఇదే. తాగని రోజున కూడా తూలుతున్నాడంటే ఇంటివాళ్ళు దొంగచాటుగా తాగాడనుకుంటారు. ఆ ఆలస్యంలో జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోతుంది. పొద్దున ఏం తిన్నాడో గుర్తుండదు, అడిగితే నిజమనిపించేట్టు ఏదో కల్పించి చెబుతాడు. దాన్ని 1887లో రష్యా వైద్యుడు కోర్సకోఫ్ వివరించాడు. ఆపడానికి కావలసింది గ్లూకోజుకు ముందో, దానితోపాటో రక్తంలోకి ఎక్కించే థయమిన్ ఇంజెక్షను. అతి చవకైన మందు. ఈ అధ్యాయంలో ఒక్క సంగతే గుర్తుపెట్టుకుంటామనేవారికి నేను దీన్నే ఇస్తాను: తాగే మనిషికి సెలైన్ పెట్టబోతుంటే "బి1 ఇచ్చారా అండీ" అని అడగండి.

గోడల మీద, బస్సుల వెనక కనిపించే ప్రకటన ఒకటి ఉంది: తాగేవారికి తెలియకుండా అన్నంలో కలిపి పెట్టి మాన్పించే మందు. అలాంటి పొట్లాల్లో ఏముందో చీటీ మీద రాయరు. డైసల్ఫిరాం అయి ఉంటే అది నిజమైన మందే. 1948లో డెన్మార్క్ శాస్త్రజ్ఞులు దాని గుణాన్ని బయటపెట్టారు. అది లివరులో మద్యం విరిగే పనిని సగంలో ఆపి ఎసిటాల్డిహైడ్ అనే విషాన్ని పోగుచేస్తుంది. తాగితే ముఖం ఎర్రబడి, గుండె కొట్టుకుని, వాంతులై, బీపీ పడిపోతుంది. రోగి ఒప్పుకుని, తెలిసి వేసుకుంటే అది అతనికి కాపు. తెలియకుండా పెడితే ఆ సాయంత్రం దుకాణం ముందే కుప్పకూలవచ్చు. గుండెజబ్బు ఉన్నవాడైతే బతకకపోవచ్చు. విసిగి వేసారిన భార్య, తల్లి ఆ పొట్లం కొంటారు. వాళ్ళ ఆశను అమ్ముకునేవారి మీద నాకు చెప్పలేనంత కోపం.

నిద్రమాత్రకు అలవాటుపడ్డవారిని మనం బానిసలని అనుకోం. భర్త పోయిన కొత్తలో నిద్రపట్టడం లేదని డాక్టరు గారు నెలకు రాసిన అర మిల్లీగ్రాము ఆల్ప్రజోలాన్ని ఆ చీటీతోనే పదేళ్ళుగా కొనిపించుకుంటున్న అమ్మలు, పెద్దమ్మలు గుడివాడలోనూ ఉన్నారు, మచిలీపట్నంలోనూ ఉన్నారు. 2014 మార్చి నుంచి ఈ మాత్రలు షెడ్యూల్ హెచ్1లో ఉన్నాయి. చీటీ లేకుండా అమ్మకూడదు, కొన్నవారి పేరూ రాసిన డాక్టరు పేరూ రిజిస్టరులో రాసి మూడేళ్ళు ఉంచాలి. కౌంటరు దగ్గర అది ఎంతవరకు జరుగుతుందో మాత్రలు కొనేవారికి తెలుసు. ఆవిడ ఊరెళ్ళి స్ట్రిప్పు మరిచిపోతే రెండో రాత్రికి గుండెదడ, చేతుల్లో వణుకు, చిన్న చప్పుడుకే ఉలికిపాటు. "చూశావా, మాత్ర లేకపోతే నా జబ్బు తిరగబెడుతుంది" అంటుంది. తిరగబెట్టింది పాత జబ్బు కాదు. తూము దిగకముందే గండి పూడింది, అంతే. ఆల్ప్రజోలం ఒంట్లో సగం కావడానికి పదకొండు గంటలే పడుతుంది కనుక అది మరీ వేగంగా తగులుతుంది.

ఇంగ్లండులో న్యూకాసిల్ నగరంలో హెదర్ ఆష్టన్ అనే వైద్యురాలు 1982 నుంచి పన్నెండేళ్ళపాటు ఈ మాత్రలు మానేవారి కోసమే ఒక క్లినిక్కు నడిపింది. ఆమె లెక్కలో అర మిల్లీగ్రాము ఆల్ప్రజోలం పది మిల్లీగ్రాముల డయజిపాంకు సమానం. చిన్న మాత్రే కదా అని తేలిగ్గా తీసుకోకూడదనడానికి ఆ లెక్క చాలు. ఒంట్లోంచి మెల్లగా పోయే డయజిపాంకు మార్చి, దాన్ని కొద్దికొద్దిగా దించడం ఆమె పద్ధతి. ఇప్పటి వైద్యులు రెండు నుంచి నాలుగు వారాలకోసారి అయిదు, పది శాతం చొప్పున తగ్గించమంటున్నారు. పదేళ్ళు వాడినవారికి ఏడాది పట్టవచ్చు. చివరి పావువంతు చాలామందికి అన్నిటికంటే కష్టం. అక్కడ ఆగి, ఒక నెల ఉండి, మళ్ళీ దిగినా తప్పులేదు. కొడుకో కోడలో మంచి ఉద్దేశంతో డబ్బా దాచేయడం మాత్రం వద్దు.

ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలది వేరే లెక్క. అవి నల్లమందు తరహావి. మానినప్పుడు ఒళ్ళునొప్పులు, విరేచనాలు, నిద్రలేమి మనిషిని పీల్చేస్తాయి కానీ మద్యంలా, ఆల్ప్రజోలంలా ప్రాణం మీదికి తేవడం అరుదు. ట్రమడాల్ ఎక్కువైతే అదే ఫిట్స్ తెప్పిస్తుంది. 2018 ఏప్రిల్‌లో దాన్ని మత్తుపదార్థాల చట్టం కిందికి తెచ్చారు.

2019లో కేంద్ర ప్రభుత్వం వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం మద్యం వల్ల సాయం అవసరమైన స్థితిలో ఉన్నవారు దేశంలో 5.7 కోట్లు. ఆ సమస్య జనాభాలో పది శాతం దాటిన రాష్ట్రాల జాబితాలో ఆంధ్రప్రదేశ్ ఉంది. మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. మిగతా 37 మంది ఇంట్లోనే ఒట్లు వేసుకుని, ఇంట్లోనే మానబోయి, ఇంట్లోనే ఓడిపోతున్నారు. పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో మానసిక విభాగం ఉంటుంది. దూరం వెళ్ళలేనివారికి 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ 14416 నంబరు ఉంది. తెలుగులో మాట్లాడతారు, డబ్బు పడదు.

వణుకు తగ్గి ఇంటికి పంపేటప్పుడు "ఇక నయమైంది" అని చెప్పే అలవాటు ఆసుపత్రుల్లో పోవాలి. గ్రాహకాలు సర్దుకోవడానికి వారాలు, నిద్ర కుదుటపడడానికి నెలలు పడుతుంది. జీతం రోజు, సంక్రాంతి కోడిపందేల బరి, పెళ్ళిలో బావమరిది చేతిలో గ్లాసు, వీటిని చూసినప్పుడు పుట్టే కోరికను మెదడు ఏళ్ళ తరబడి మరిచిపోదు. ఆ కోరికను తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటి మందులు ఉన్నాయని చాలామందికి తెలియదు. ఏది ఎవరికి పడుతుందో లివరునూ కిడ్నీలనూ చూసి డాక్టరు చెప్పాలి. మధ్యలో మళ్ళీ తాగినవాణ్ణి అదే వార్డుకు తీసుకెళ్ళాలి. డిశ్చార్జి కాగితాలు పారేయకుండా దాచి, కిందటిసారి ఫిట్స్ వచ్చాయో లేదో, ఎన్నో రోజున వచ్చాయో డ్యూటీ డాక్టరుకు ముందే చెప్పాలి.